రుద్రమదేవి

కాకతీయ గణపతిదేవ చక్రవర్తికి పుత్రసంతానము లేదు. రుద్రాంబ, గణపాంబ యను కుమార్తెలుండిరి. గణపాంబను కృష్ణాతీరమందలి ధరణికోట ప్రభువగు బేతరాజున కిచ్చిరి. భర్త గతించిన పిమ్మట ఆమెయే ఆ సీమను పాలించెను. రుద్రాంబను మాత్రము తండ్రి తన రాజ్యమునకే పెంచెను.

ఆనాటి లోకమునకు రాజనగా పురుషుడే. సింహాసనమును స్త్రీకి తగినట్లు సవరించుటకంటె స్త్రీని పురుషునిగా చూపుటయే సులభమని పెద్దలకు తోచెను గాబోలు! పెక్కు శాసనములందు ఆమె రుద్రదేవ మహారాజు. నిడదవోలు చాళుక్య వీరభద్రుని భార్యయై, ముమ్మడమ్మ మున్నగు కుమార్తెలను గన్న తల్లికి ఆ పేరు!

1262 ప్రాంతమున రాజ్యభారమంతయు ఆమెపై బడెను. ఆడుది యేలుటను సామంతులు కొందరు సహింపలేదని సంప్రదాయము చెప్పుచున్నది. దేవగిరి యాదవ మహాదేవుడు దండెత్తివచ్చెను. ఆమె యాతని నెదిర్చి వెనుకకు మరల్చెను. ఆమె సేన బీదరుకోటవరకు సాగెననుటకు అచ్చటి శాసనమే సాక్ష్యము. రాయగజకేసరి బిరుదము ఆమెకు ఊరక రాలేదు.

అయినను మాకు ఈ జయములకంటె బెజవాడకు ఎదుట, కృష్ణ కావలియొడ్డున నున్న మల్కాపురపు శాసనస్తంభమే ప్రియతరము. అది 1261 నాటిది. తండ్రి మాట ననుసరించి రుద్రమ మందడము గ్రామమును, దానితో వెలగపూడిని గూడ, విశ్వేశ్వరశంభువను శైవాచార్యునకు ధారవోసెను. (నేటి రాష్ట్ర సచివాలయము ఆ వెలగపూడిలోనే యున్నది.) ఆ భూముల యాదాయముతో అచ్చట విద్యాలయము, ఆరోగ్యశాల, ప్రసూతిశాల నడచెను. అన్నసత్రమున బ్రాహ్మణుడు మొదలు చండాలునివరకు ఎవ్వరికిని అన్నము లేదనరాదని నియమించిరి. ఏర్పాటులు ఆచార్యునివే, నిజము. కాని వానికి ఆధారమైన నేలను శాసనపూర్వకముగా నిచ్చినది ఆమె. కత్తిపట్టిన స్త్రీని పొగడు మనవారు పురిటిమంచమునకు దారిచూపిన ఆ దానమును తలచుట అరుదు. ఏడువందల యేండ్లకు మీదటగూడ మన పల్లెలలో ప్రసవమనగా ప్రాణగండమై యుండెనని చదువరు లెరుగుదురు గదా!

మోటుపల్లి రేవు సీమను గూర్చి వ్రాసిన వెనీసు యాత్రికుడు మార్కోపోలో, అచ్చటి రాణి నలువది యేండ్లు న్యాయముగ పాలించెనని మెచ్చెను. కాని ఆమెను మృతుడైన రాజు భార్యగా నెంచెను. కూతురు కూతురుగనే రాజ్యమునకు రాగలదని ఆయనకు తోచలేదు.

తుదకు కాయస్థ అంబదేవుడను సామంతుడు తిరుగబడెను. వార్ధక్యమున ఆమె మరల పోరునకు వెడలెనని చరిత్రకారులు తలంచుచున్నారు. నల్లగొండ సీమలోని చందుపట్ల శాసనము 1289 నవంబరు 27వ తేదీది. పువ్వుల ముమ్మడి యను సేవకుడు, శివసాయుజ్యమందిన రుద్రమదేవికిని సేనాని మల్లికార్జున నాయకునికిని పుణ్యముగా, భూమి దానముచేసినట్లు అందు కలదు. రాణియు సేనానియు ఒక్క శాసనమున నిట్లు కలిసి యుండుటనుబట్టియే వా రిరువురును రణమున గూలిరని యూహించుచున్నారు. పిమ్మట ముమ్మడమ్మ కుమారుడు ప్రతాపరుద్రుడు ఓరుగల్లు నేలెను.