ఆల్ఫ్రెడ్ టొమాటిస్

ఆల్ఫ్రెడ్ టొమాటిస్ (జనవరి 1, 1920 - డిసెంబర్ 25, 2001) ఫ్రాన్సు దేశానికి చెందిన చెవి, ముక్కు, గొంతు వైద్యుడు. పిల్లలకు శబ్దంతో చేసే టొమాటిస్ పద్ధతి చికిత్సకు ఈయనే ఆద్యుడు.

బాల్యము, విద్య

ఈయన నీస్ నగరంలో నెలలు నిండకుండానే జన్మించాడు. తండ్రి ఒపెరా గాయకుడు. పారిస్‌లో వైద్యవిద్యను అభ్యసించాడు.

పరిశోధన

రెండవ ప్రపంచయుద్ధానంతరం ఈయన విమాన కర్మాగారాల రొదలో వినికిడి దెబ్బతిన్న కార్మికులను, స్వరం చెడిన గాయకులను పరీక్షించాడు. ఉభయులలోనూ ఒకే విధమైన వినికిడి లోపాన్ని గమనించాడు. చెవి గ్రహించలేని ధ్వనిని కంఠం పలికించలేదని ప్రతిపాదించాడు. ఈ సిద్ధాంతాన్ని 1957లో ఫ్రెంచి విజ్ఞానశాస్త్ర అకాడమీకి నివేదించారు.

చికిత్సా విధానము

ఇందుకు ఈయన 'ఎలక్ట్రానిక్ చెవి' అనే యంత్రాన్ని రూపొందించాడు. మొజార్ట్ సంగీతాన్ని, గ్రెగోరియన్ స్తోత్రాలను, తల్లి కంఠధ్వనిని యంత్రంలో వడపోసి హెడ్‌ఫోన్ల ద్వారా పిల్లలకు వినిపిస్తారు. కొంత ధ్వనిని పుర్రె ఎముక ద్వారా కూడా పంపుతారు. మంద్ర, తార ధ్వనులు మారుతూ ఉండటం వలన మధ్యచెవి కండరాలకు వ్యాయామం కలిగి, వినే శక్తి కుదుటపడుతుందని ఈయన అభిప్రాయం. చదువులో వెనుకబడినవారికి, ఆటిజం గలవారికి, చిన్న చప్పుడుకే బెదిరి చెవులు మూసుకునే పిల్లలకు ఈ చికిత్స అనేక దేశాలలో వ్యాపించింది.

విమర్శ

ఆటిజం గల 11 మంది పిల్లలపై జరిగి 2008లో ప్రచురితమైన పరిశోధనలో ఈ చికిత్స వలన భాష మెరుగుపడినట్లు తేలలేదు. ఈ పద్ధతిపైన, ఈయన శిష్యుడు గై బెరార్ పద్ధతిపైన మొత్తం 182 మందితో జరిగిన 7 పరిశోధనలను కాక్రేన్ సంస్థ 2011లో సమీక్షించింది. ఆటిజంలో ఇవి ఫలిస్తాయనడానికి తగిన ఆధారం లేదని పేర్కొన్నది. ఎన్నో కుటుంబాలు ఆశతో ధనాన్ని, కాలాన్ని వెచ్చించే చికిత్స కావడం చేత ఈ సమీక్షకు ప్రాముఖ్యం ఉన్నది.

మరణము

టొమాటిస్ తన 81వ యేట ఫ్రాన్సులోని కార్కసోన్‌లో మరణించాడు.