బున్సెన్ పండితుడు – ఇంజను నూనె పరీక్ష

రసాయన శాస్త్రము నభ్యసించు విద్యార్థులందఱును బున్సెన్ దీపము నెఱుగుదురు. కాని ఆ దీపమునకు తన పేరిచ్చిన మహనీయుని జీవితము నెఱిగినవారు కొలదిమంది మాత్రమే. లారీలయొక్కయు రైలింజనులయొక్కయు నూనెను ఎప్పుడు మార్చవలెనను ప్రశ్నకు ఇప్పుడు ప్రయోగశాలలు చెప్పు జవాబు సయితము ఆ దీపపు మంటనుండియే పుట్టినదని చెప్పినచో పలువురు ఆశ్చర్యపడుదురు. ఆ సంబంధమును తెలుపుటకై ఆయన చరిత్రమును సంగ్రహముగా నిచట వ్రాయుచున్నాము.

రాబర్టు విల్‌హెల్ము బున్సెన్ 1811వ సంవత్సరము మార్చి నెలలో జర్మనీ దేశమందలి గోటింగెను పట్టణమున జన్మించెను. తండ్రి ఆ పట్టణపు విశ్వవిద్యాలయములోనే ఉపాధ్యాయుడు. బున్సెన్ అచటనే చదివి డాక్టరు పట్టమును పొంది, పిమ్మట జర్మనీ, ఫ్రాన్సు, ఆస్ట్రియా దేశములలో సంచరించి కార్ఖానాలను, గనులను, ప్రయోగశాలలను కన్నులార చూచెను. 1834లో, పాషాణము తిన్నవారికి అప్పుడే సిద్ధపఱచిన ఒక విధమగు ఇనుప సమ్మేళనము విరుగుడుగా పనిచేయునని కనుగొనెను. ఈ విద్య ఆయనకే అక్కఱకు వచ్చెను. పాషాణముతో కూడిన కాకోడిలు అను ద్రవ్యములను పరిశోధించుచుండగా ఒకనాడు పాత్ర పగిలి, గాజుముక్క తగిలి కుడికంటి చూపు పోయెను. విషము వలన ప్రాణాపాయమును సంభవించెను. అయినను ఆయన ఆ పరిశోధనను ముగించిన పిదపనే విడిచెను.

ఇనుము కరగించు పెద్ద కొలుములను గూర్చి ఆయన చేసిన పని మన విషయమునకు మిక్కిలి దగ్గఱది. కొలిమినుండి పైకి పోవు పొగను ఆ కాలపు యజమానులు పనికిరానిదని విడిచిపెట్టుచుండిరి. బున్సెన్ ఆ వాయువులను పట్టి, కొలిచి, విభజించి చూచెను. కట్టెబొగ్గుతో నడచు జర్మను కొలుములలో వేడిమి సగమునకు మించి వ్యర్థమగుచున్నదనియు, ఇంగ్లండులోని కొలుములలో నూటికి 80 పాళ్లకు మించి పోవుచున్నదనియు తేలెను. యంత్రములోనికి ఏమి వేయుచున్నామో తెలిసిన చాలదు. దానినుండి ఏమి వచ్చుచున్నదో కూడ పరీక్షింపవలెనని ఈ పని లోకమునకు నేర్పెను.

1852లో ఆయన హైడల్‌బర్గు విశ్వవిద్యాలయమున ఆచార్యుడయ్యెను. అచట 1855లో, డెసాగా అను పనిముట్ల నిర్మాత సహాయముతో, పొగయు వెలుగును లేని వేడిమంట నిచ్చు దీపమును సిద్ధపఱచెను. దానిపై ఏ హక్కును కోరక లోకమునకు విడిచిపెట్టెను. ఆ మంటకు స్వంత రంగు మిక్కిలి స్వల్పము గనుక, దానిలో నుంచిన ద్రవ్యపు రంగు స్పష్టముగా కానవచ్చును. ఉప్పు పసుపుపచ్చగను, రాగి ఆకుపచ్చగను వెలుగును. కాని రెండుమూడు ద్రవ్యములు కలిసియున్నచో కన్ను మోసపోవును. ఆయన మిత్రుడగు కిర్కాఫ్ పండితుడు ఆ వెలుగును గాజుపట్టకముగుండా చూడవలెనని సూచించెను. 1859లో వారిరువురును కలిసి అట్లు చూడగా, ఒక్కొక్క లోహమునకు తనకే చెందిన గీతలు వర్ణపటమున కనబడెను. అవి మఱియొక లోహమునకు రావు.

ఈ పరీక్ష యెంత సూక్ష్మమో తెలిసికొనుటకు వారు గదిలో ఒక మూలను 3 మిల్లీగ్రాముల సోడియము లవణమును పేల్చి, దూరపు మూలనున్న దీపమును గమనించిరి. కొలది నిమిషములలో మంటయందు సోడియపు గీత వెలసెను. ఒక మిల్లీగ్రాములో 30 లక్షవ భాగముకంటె తక్కువయైనను కనబడునని వారు లెక్క వేసిరి. పిమ్మట డుర్కహైము ఊటనీటిలో ఎన్నడును చూడని నీలి గీతలు గోచరింపగా, బున్సెన్ సుమారు 44,000 లీటర్ల నీటి నిగిరించి, 1860లో సీజియమను నూతన మూలద్రవ్యమును వెల్లడించెను. మఱుసటి యేట రుబీడియమును కనుగొనెను. అంత నీటినుండి లభించిన లవణములు కొన్ని గ్రాములు మాత్రమే. ఈ విద్య అచిరకాలముననే మన దేశమునకును వచ్చెను: 1868 ఆగస్టు 18వ తేదీన జాన్సెన్ అను ఫ్రెంచి పండితుడు మన గుంటూరులో నిలిచి, సూర్యగ్రహణమును వర్ణపటదర్శినితో పరిశీలించెను.

ఇక నూనె సంగతి. ఇంజను తిరుగునప్పుడు లోహము లోహముతో ఒరసికొని రవంత యరుగును. ఆ పొడి నూనెలో చేరును. 1940 తరువాత అమెరికాలో రైల్వేవారు డీజిలు ఇంజనుల పాతనూనెను వర్ణపటముతో పరీక్షింప నారంభించిరి. నూనెబొట్టును విద్యుత్తు నిప్పురవ్వలోగాని, మిక్కిలి వేడియగు ఆర్గాను జ్వాలలోగాని మండింతురు. ఏ గీత యెంత ప్రకాశముగ నున్నదో యంత్రము కొలిచి, ప్రతి లోహమును పదిలక్షల పాళ్లలో ఎన్ని పాళ్లున్నదో చెప్పును. ఇనుము పెరిగినచో సిలిండర్లు, రింగులు మొదలగునవియు, అల్యూమినియము పెరిగినచో పిస్టనులును, రాగి, సీసము పెరిగినచో బేరింగులును అరుగుచుండవచ్చును. సిలికాను పెరుగుట తఱచుగా గాలిజల్లెడ దాటివచ్చిన దుమ్మునకు గుర్తు. సోడియము హెచ్చినచో చల్లబఱచు నీరు లోనికి కారుచున్నదేమో చూడవలెను.

అయితే వర్ణపట మొక్కటే చాలదు. పెద్ద లోహపు తునకలను అది సరిగా పట్టజాలదు. నూనె చిక్కదనము, అందు కలిసిన నీరు, ఇంధనము, మసి, ఆమ్లముల నణచుటకు మిగిలిన శక్తి, ఇవియు కొలువవలెను. ఇంజను వేడిగ నున్నప్పుడే శుభ్రమైన సీసాలో నమూనా పట్టవలెను. ఒక్క పరీక్షతో తీర్పు చెప్పరాదు. ఒకే ఇంజనునుండి వరుసగా తీసిన నమూనాలను పోల్చి, అంకె లేవైపునకు నడచుచున్నవో చూడవలెను. నూనె బాగున్నచో గడువును కొంచెము కొంచెముగా పొడిగింతురు. చెడినచో గడువు రాకముందే మార్చుదురు. ఇంజను నిర్మాతలు చెప్పిన మైళ్ల లెక్క సామాన్యపు అంచనా. దుమ్ముబాటలో నడచు లారీకిని, చక్కని రహదారిపై నడచు లారీకిని అదే లెక్క సరిపోదు గదా! వందల లీటర్ల నూనె పట్టు రైలింజనులకును, ఓడలకును, బస్సుల సముదాయములకును ఈ పరీక్ష మిక్కిలి లాభకరము. ఒక చిన్న కారునకు మాత్రము పరీక్షవెల నూనెవెలను మించవచ్చును. అట్టివారు నిర్మాతల గడువును పాటించుటయే మేలు.

బున్సెన్ వివాహమాడలేదు. జీవితమంతయు ప్రయోగశాలకును శిష్యులకును సమర్పించి, 1889లో ఉద్యోగము విరమించి, 1899 ఆగస్టు 16వ తేదీన హైడల్‌బర్గున మరణించెను. అప్పటికి మోటారుబండ్లు కొలదిగా మాత్రమే పుట్టియుండెను. తన మంట ఒకనాడు వానినూనెను పరీక్షించునని ఆయన తలచియుండడు.

నూనెను వృథాగా పాఱబోయుట ధననష్టము. చెడిన నూనెతో నడుపుట యంత్రనష్టము. ఈ రెంటికిని నడుమనున్న దారి అలవాటువలన తెలియదు, అనుమానమువలనను తెలియదు, పరీక్షవలననే తెలియును. విద్యార్థులారా! ప్రయోగశాలలో దీపము వెలిగించినపుడు దాని చిన్న మంటను చులకనగా చూడకుడు. ఒక కన్ను కోల్పోయిన ఆ పండితుడు దానిద్వారా మనకు క్రొత్త చూపు నిచ్చెనని మఱవకుందురుగాక.