రోగి మంచం పక్కన అచ్చమాంబ

మా అవ్వది గద్వాల. ఇంట్లో చచ్చిన ఎలుక కనబడితే చాలు, ఆమె ముఖం మారిపోయేది. వాళ్లమ్మ కాలంలో ప్లేగు వస్తే జనం ఇళ్లకు తాళాలేసి పొలాల్లో గుడిసెలు వేసుకున్నారట. ఊళ్లో మిగిలింది మంచాన పడ్డవాళ్లూ, వాళ్ల నోట్లో నీళ్లు పోసే ఆడవాళ్లూ. అవ్వ ఆ మాట చెప్పినప్పుడల్లా తెలియలేదు గానీ, పెద్దయ్యాక బండారు అచ్చమాంబ గురించి చదివినప్పుడు నాకు ఆ ఆడవాళ్లే కళ్లముందు కదిలారు.

అచ్చమాంబ 1874లో కృష్ణా జిల్లా నందిగామ ప్రాంతంలో పుట్టింది. ఆరేళ్లకే పెళ్లి. భర్త మాధవరావు గారికి నాగపూర్ వైపు ఇంజనీరు ఉద్యోగం. బడి గడప తొక్కలేదామె. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు వాళ్లింట్లో ఉండి చదువుకుంటుంటే, అతని పాఠాలే తన పాఠాలు చేసుకుంది. తెలుగు, హిందీ అలా వచ్చాయి. తర్వాత మరాఠీ, బెంగాలీ కూడా పట్టుకుంది. ఆ తమ్ముడే 1906లో విజ్ఞాన చంద్రికా మండలి పెట్టిన మహానుభావుడు. అక్క పేరు మాత్రం మనలో ఎంతమందికి తెలుసు చెప్పండి?

కన్న కొడుకూ కూతురూ చిన్నప్పుడే పోయారు. ఆ దుఃఖంలోంచే కాబోలు, అనాథ పిల్లల్ని ఇంటికి తెచ్చి సాకింది. 1901లో అబలా సచ్చరిత్ర రత్నమాల వెలువడింది. మన దేశపు స్త్రీల జీవితాలను ఒకచోట చేర్చిన పుస్తకమది. 1902లో హిందూ సుందరి పత్రికలో ధన త్రయోదశి కథ వచ్చింది. గురజాడ వారి దిద్దుబాటుకు ఎనిమిదేళ్లు ముందన్నమాట! అదే ఏడు మచిలీపట్నంలో బృందావన స్త్రీ సమాజం పెట్టడంలోనూ ఆమె చెయ్యుంది.

ఇంతలో ప్లేగు. 1896లో బొంబాయిలో మొదలై దేశమంతా పాకింది. ఎలుకల మీది ఫ్లీ పురుగుల కాటుతో వచ్చేది గడ్డల ప్లేగు. అదే ఊపిరితిత్తులకు చేరితే మాత్రం ఎలుకతో పన్లేదు, రోగి దగ్గితే పడే తుంపర్లే చాలు, పక్కనున్న మనిషికి అంటుతుంది. అప్పటికి దానికి మందు లేదు. అందరూ దూరంగా పోతుంటే అచ్చమాంబ రోగుల దగ్గరికి పోయింది. సేవ చేస్తూనే ఆ జబ్బు తగిలించుకుని 1905 జనవరి 18న కన్నుమూసింది. ముప్పై ఏళ్లు.

ఇది గొప్ప త్యాగమని చెప్పుకుంటాం. నాకైతే బాధే ఎక్కువ. 2021లో నాగర్‌కర్నూల్‌లో మా అక్క, కరోనా వచ్చిన బావకు ఒకే గదిలో, కిటికీలు మూసి, మాస్కు లేకుండా చాకిరీ చేసింది. మాస్కు కట్టుకుంటే ఆయన మనసు కష్టపెట్టుకుంటాడని! నాలుగో రోజుకల్లా తనూ పడింది. ఆయన ముందు లేచాడు, అక్కకు ఆక్సిజన్ పెట్టాల్సి వచ్చింది.

అందుకే నిరుడు వనపర్తిలో మా అత్తమ్మకు రెండు వారాలు దాటినా దగ్గు తగ్గకపోతే నేను మొహమాటపడలేదు. సర్కారు దవాఖానలో తెమడ పరీక్ష చేయిస్తే టీబీ అని తేలింది. పరీక్షా మందులూ ఉచితమే. ఆమె మంచం కిటికీ పక్కకు జరిపాను. మొదటి వారాలు ఆమెకూ నాకూ మాస్కు. దగ్గితే నోటికి గుడ్డ, తెమడకు మూతున్న డబ్బా. కంచం, గ్లాసు వేరు చేయమని చుట్టాలు సలహా ఇచ్చారు గానీ, టీబీ గాలిలో వస్తుంది, కంచంలో రాదు. మందులు సక్రమంగా పడితే కొద్ది వారాల్లోనే అంటించే గుణం బాగా తగ్గిపోతుంది. అయినా ఆరు నెలల కోర్సు ఒక్క రోజూ మానకూడదు. ఇంట్లో మేమందరం కూడా పరీక్ష చేయించుకున్నాం. మాస్కు చూసి అత్తమ్మ మొదట్లో అలిగింది, నిజమే. రెండో వారానికి నేను మర్చిపోతే తనే గుర్తుచేసేది.

రత్నమాలను మూడు భాగాలుగా రాయాలనుకుంది అచ్చమాంబ. మూడో భాగం విదేశీ స్త్రీల చరిత్రలు. అది రాయనేలేదు.