శ్రీరంగపు తాళపుచెవులు

తెల్లాపూరునుండి ఔటర్ రింగు రోడ్డు మీదుగా శంషాబాదు వైపు పోవు భక్తులు ముచ్చింతలలో 216 అడుగుల భగవద్రామానుజమూర్తిని సేవించుకొనుచున్నారు. 2022 ఫిబ్రవరి 5వ తేదీన ఆవిష్కృతమైన ఆ మూర్తి యెదుట నిలిచినప్పుడు మనకు శ్రీభాష్యకారులే స్మరణకు వత్తురు. ఒకరి మాట ఒకరు వినని పరిచారకులతో ఒక మహాలయమున నిత్యకైంకర్యములను నడపిన పరిపాలకులు మాత్రము అంతగా స్ఫురింపరు.

సంప్రదాయము ననుసరించి స్వామివారు 1017లో శ్రీపెరుంబూదూరున కేశవ సోమయాజికి, కాంతిమతికి జన్మించిరి. సన్న్యాసాశ్రమము స్వీకరించి, యామునాచార్యుల శిష్యుల ఆహ్వానముపై శ్రీరంగము చేరిరి. అప్పటికి ఆలయాధికారమంతయు పెరియకోయిల్ నంబి చేతిలో నుండెను. తాళపుచెవులు వారివద్దనే, పురాణపఠనమును వారిదే. యతీంద్రులు కైంకర్యములను చక్కదిద్దబూనిరి. నంబిగారికి అది రుచింపలేదు. రామచంద్రాపురము, పటాన్‌చెరువు కర్మాగారములలో పనిచేయు పాఠకులకు, కొత్త పెద్ద వచ్చిననాడు పాతవారు చూచు చూపు తెలియనిది కాదు.

యతీంద్రులంతటివారికిని మొదట తోచినది నంబిని తొలగించుటయే. అయితే నంబి చిరకాలముగా తనను సేవించినవాడని శ్రీరంగనాథుడు స్వప్నమున తెలిపినట్లు గురుపరంపరా గ్రంథములు చెప్పుచున్నవి. అంతట రామానుజులు తమ పట్టుదలను సడలించి, ఆ కార్యమును కూరత్తాళ్వాన్‌కు అప్పగించిరి. ఆళ్వాన్ వాదమునకు పోలేదు; నంబితో స్నేహము చేసి, మెల్లమెల్లగా ఆచార్యుల మహిమను తెలుపుచు వచ్చిరి.

ఇంతలో నంబి తల్లి పరమపదించెను. పదునొకండవనాటి కర్మలో భోక్తగా కూర్చుండుటకు మర్యాదస్థులు సాధారణముగా సమ్మతింపరు. ఆళ్వాన్ వంటి మహావిద్వాంసుడు తానుగా వచ్చి ఆ పీటపై కూర్చుండెను. భోక్త తృప్తుడనైతినని పలికిననే గాని ఆ కర్మ ముగియదు. ఏమి ఇచ్చిన తృప్తి కలుగునని నంబి అడుగగా, ఆళ్వాన్ ఆలయాధికారమును, పురాణపఠన కైంకర్యమును ఆచార్యులకు సమర్పింపుమని కోరెను. నంబి తాళపుచెవులను ఇచ్చివేసెను. ఇందులో కొంత యుక్తి కలదని ఎవరైన అనవచ్చును, కాదనలేము. కాని ఆ యుక్తికి మూల్యము చెల్లించినది కోరినవాడే: సంఘము చిన్నచూపు చూచు స్థానమున కూర్చుండెను.

తరువాత నంబి ఆశ్రయింపవచ్చినప్పుడు రామానుజులు ఆయనను తమ శిష్యునిగా స్వీకరింపక, మనస్సు మార్చిన ఆళ్వాన్‌కే శిష్యుని చేసిరి. ఆ ఘనత తమ ఖాతాలో వ్రాసికొనలేదు.

అందరును నంబివలె మారలేదు. కట్టుబాట్లు సహింపని కొందరు భిక్షలో విషము కలిపించిరి. భిక్ష వడ్డించు ఇల్లాలు కన్నీటితో పాదములకు మ్రొక్కగా స్వామివారు గ్రహించి, ఆ అన్నమును విడిచి ఉపవసించిరి. ఆ వార్త విని గురువులైన తిరుక్కోష్టియూర్ నంబి వచ్చిరి. మండుటెండలో కావేరి ఇసుకపై సాష్టాంగపడిన శిష్యుని గురువులు లెమ్మనకుండిరి. కిడాంబి ఆచ్చాన్ ఓర్వజాలక, తానే ఆ యిసుకపై పరుండి ఆచార్యులను తన వీపుపై నుంచుకొని, గురువులనే నిష్ఠురమాడెను. గురువులు వెదకుచున్నది అట్టివానినే. నాటినుండి వంట ఆతనికి అప్పగింపబడెను.

తిరుమలలో స్వామివారి మార్గము వేరు. శ్రీరంగమున పాంచరాత్రమును ప్రవేశపెట్టినవారే ఇచ్చట వైఖానసమును చెక్కుచెదరనీయలేదు. కైంకర్యములు క్రమము తప్పకుండ చూచుటకు మాత్రము యతుల పర్యవేక్షణ నేర్పరచిరని సంప్రదాయము. ఆ జియ్యరు స్వాముల పరంపర నేటికిని సాగుచున్నది. చలికి వెరచి ఎవరును ముందుకు రాని పుష్పకైంకర్యమునకు అనంతాళ్వాన్‌ను పంపినది వారే. బలవంతముగా కాదు; గోష్ఠిలో అడిగి, తానై లేచినవానిని పంపిరి.

శ్రీరంగమున తాళపుచెవులు వదలుకొన్న నంబియే తిరువరంగత్తముదనార్. ఆయన ఆచార్యులపై 108 పాశురములతో రచించిన రామానుజ నూట్రందాది దివ్యప్రబంధముతో చేర్చి నేటికిని ఆలయములలో సేవింపబడుచున్నది.