పిచ్చుక చూపిన దారి: పక్షుల పెద్దాయన సలీం అలీ

నవంబరు 12 సలీం అలీ పుట్టినరోజు. మన దేశంలో ఆ రోజును పక్షి వీక్షణ దినోత్సవంగా జరుపుకుంటారు. పిల్లల సామాన్యశాస్త్రం పుస్తకంలో ఆయన పేరు ఒకటి రెండు వాక్యాల్లో వచ్చి వెళ్లిపోతుంది. తల్లిదండ్రులుగా మనం తెలుసుకోవలసిన కథ మాత్రం ఆ వాక్యాల వెనక ఉంది.

1896లో బొంబాయిలో, తోబుట్టువులందరిలో చివరివాడిగా సలీం పుట్టాడు. ఏడాది నిండేసరికి తండ్రి, మూడేళ్లకు తల్లి పోయారు. మేనమామ అమీరుద్దీన్ త్యాబ్జీ పిల్లలందరినీ తన ఇంట్లో పెట్టుకుని పెంచాడు. ఆయనకు వేటంటే సరదా. మేనల్లుడికి కూడా ఒక గాలి తుపాకీ ఇచ్చాడు. పదేళ్ల ప్రాయంలో ఒకరోజు సలీం దానితో ఒక పిచ్చుకను కొట్టాడు. తీరా చేతిలోకి తీసుకుంటే, దాని గొంతు మీద పసుపు మచ్చ కనిపించింది. ఇంటి చుట్టూ తిరిగే పిచ్చుకలకు అలాంటి మచ్చ ఉండదు. దీన్ని తినవచ్చో లేదో కూడా తెలియక పిల్లవాడు మామయ్య దగ్గరికి పరుగెత్తాడు.

మామయ్యకూ తెలియలేదు. అయితే ఆయన కసురుకోలేదు, ఏదో ఒక జవాబు చెప్పి పంపించనూ లేదు. తెలిసినవాళ్లను అడుగుదామని బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీకి దారి చూపించాడు. ఆ కుర్రవాడి జీవితం అక్కడే మలుపు తిరిగింది.

ఆ సొసైటీ పుట్టుక చాలా సాదాగా జరిగింది. 1883 సెప్టెంబరులో బొంబాయిలో ఎనిమిదిమంది ఒకచోట చేరారు. పక్షులు, జంతువులు, మొక్కలంటే ఇష్టం ఉండటమే వాళ్లను కలిపింది. నెలకోసారి కలుసుకుని ఎవరు ఏం చూశారో చెప్పుకోవాలని, దొరికిన నమూనాలను అందరికీ చూపించుకోవాలని అనుకున్నారు. కొద్దికాలానికే ఫిప్సన్ అనే సభ్యుడు ఫోర్బ్స్ వీధిలోని తన వైన్ దుకాణంలో సంఘానికి చోటిచ్చాడు. విలియం అనే హార్న్‌బిల్ పక్షి చాలా ఏళ్లు ఆ కార్యాలయంలోనే బతికింది. ఇప్పటికీ సంఘం చిహ్నంలో ఉన్నది హార్న్‌బిల్ బొమ్మే.

చచ్చిన పిచ్చుకను పట్టుకుని సలీం బెదురుతూ అక్కడికి వెళ్లాడు. గౌరవ కార్యదర్శి మిల్లార్డ్ దొర ఆ పక్షిని చూసి, పసుపు గొంతు పిచ్చుక అని చెప్పాడు. అంతటితో పంపేయలేదు. అరలు తెరిచి, దూది కూరి భద్రపరచిన పక్షులను ఒక్కొక్కటిగా చూపించాడు. చదువుకోమని పుస్తకాలు ఇచ్చాడు. పెద్దల సంఘంలో ఒక పిల్లవాడి ప్రశ్నకు అంత విలువ దక్కింది.

దీని తరువాత ఆ బాలుడు తరగతిలో మొదటివాడయ్యాడని అనుకోకండి. తలనొప్పితో తరచు బడి మానేవాడు. 1913లో మెట్రిక్యులేషన్ అతికష్టం మీద గట్టెక్కింది. కాలేజీలో చేరి మొదటి ఏడాదే వదిలేసి, కుటుంబ వ్యాపారం చూసుకోవడానికి బర్మా వెళ్లాడు. అక్కడి అడవుల్లో వ్యాపారం కంటే పక్షుల మీదే ధ్యాస ఎక్కువ. తిరిగొచ్చి మళ్లీ చదివినా, విశ్వవిద్యాలయ పట్టా లేదన్న కారణంతో జువలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాలో పక్షి శాస్త్రవేత్త ఉద్యోగం రాలేదు. 1926లో బొంబాయి ప్రిన్స్ ఆఫ్ వేల్స్ మ్యూజియంలో సందర్శకులకు వివరించే గైడ్ లెక్చరర్‌గా చేరాడు. తరువాత సెలవు పెట్టి బెర్లిన్ వెళ్లి, స్ట్రెసెమాన్ అనే గొప్ప పక్షి శాస్త్రవేత్త దగ్గర శిక్షణ పొందాడు. 1930లో తిరిగొచ్చేసరికి, నిధులు లేవని ఆ మ్యూజియం ఉద్యోగాన్నే తీసేశారు.

ముప్ఫై నాలుగేళ్ల వయసులో ఉద్యోగం లేదు. భార్య తెహ్మీనాతో కలిసి బొంబాయికి దగ్గర్లోని కిహిమ్ అనే సముద్రతీర గ్రామానికి వెళ్లాడు. అక్కడ ఇంటి దగ్గరి చెట్టుకు గిజిగాళ్ల గూళ్లు వేలాడుతుండేవి. పని లేని ఆ రోజుల్లో గంటల తరబడి వాటినే గమనించాడు. మగ గిజిగాడు గూడు సగం అల్లి ఆగుతుందని, ఆడపక్షి వచ్చి చూసి ఒప్పుకున్నాకే దాన్ని పూర్తి చేస్తుందని, ఆ తరువాత ఇంకో గూడు మొదలుపెట్టి మరో జతను వెతుక్కుంటుందని తేల్చాడు. ఆ పరిశీలన అచ్చయ్యాక శాస్త్రవేత్తలు ఆయనవైపు చూశారు.

ఆ తరువాత సంస్థానాలకు ఒక ప్రతిపాదన పెట్టాడు. జీతం అక్కర్లేదు, ప్రయాణం, గుడారాల ఖర్చు భరిస్తే చాలు, మీ పక్షుల లెక్క తేలుస్తానన్నాడు. మొదట్లోనే ఒప్పుకున్నవాటిలో మన హైదరాబాద్ సంస్థానం ఒకటి. 1931లో ఆయన ఇక్కడ పక్షుల సర్వే మొదలుపెట్టాడు. గుడారాల్లో కాపురాన్ని తెహ్మీనా చక్కబెట్టేది. 1939లో ఒక చిన్న శస్త్రచికిత్స తరువాత ఆమె కన్నుమూసింది. ఆ దుఃఖంలో ఆయన మళ్లీ పనినే ఆశ్రయించాడు. 1941లో వచ్చిన ‘ది బుక్ ఆఫ్ ఇండియన్ బర్డ్స్’ ఎందరికో పక్షులను చూడటం నేర్పింది. డిల్లన్ రిప్లీతో కలిసి రాసిన పది సంపుటాల ‘హ్యాండ్‌బుక్’ మొదలై అచ్చులోకి వచ్చేనాటికి ఆయనకు అరవై ఏడేళ్లు దాటాయి. పద్మభూషణ్, పద్మవిభూషణ్ పురస్కారాలు, రాజ్యసభ సభ్యత్వం వాటంతట అవే వెతుక్కుంటూ వచ్చాయి.

పిల్లవాడిగా తనకు తలుపు తీసిన సంఘాన్ని ఆయన చివరిదాకా మరవలేదు. స్వాతంత్ర్యం వచ్చాక సొసైటీ డబ్బులేక చిక్కుల్లో పడితే, ప్రధాని నెహ్రూకు రాసి సాయం సంపాదించాడు. గెట్టీ పురస్కారంగా వచ్చిన సొమ్మును ప్రకృతి సంరక్షణ నిధికి ఇచ్చేశాడు. 1986లో, అంతరించిపోయిందనుకున్న కలివికోడిని కడప జిల్లాలో తిరిగి కనుగొన్నది ఆ సొసైటీవారే. ఆ పక్షి జాడ చూపించి పట్టిచ్చింది ఒక స్థానికుడు. అప్పటికి సలీం అలీకి ఎనభై తొమ్మిదేళ్లు. మరుసటి ఏడాది జూన్ 20న ఆయన కన్నుమూశాడు. ఆయన ఆత్మకథకు పెట్టుకున్న పేరులోనూ ఆ పిచ్చుకే ఉంది.

ఈ కథలో మన పిల్లలకు తగిన విషయం ఒకటుంది. ఆ పిల్లవాడిని నిలబెట్టింది మార్కులు కాదు. తనకు తెలియదని ఒప్పుకుని తెలిసినచోటికి పంపిన మామయ్య, చిన్నవాడి ప్రశ్నను చిన్నగా చూడని ఒక సంఘం. అలాంటి సంఘాలు మన దగ్గరా ఉన్నాయి. హైదరాబాద్‌లో 1980లో మొదలైన పక్షి వీక్షకుల సంఘం ఇప్పుడు డెక్కన్ బర్డర్స్ పేరుతో నడుస్తోంది. చెరువుల దగ్గర, అడవుల్లో పక్షులను చూసే నడకలు, నిపుణుల ప్రసంగాలు జరుపుతుంది. ఒక ఆదివారం ట్యూషన్‌కు సెలవిచ్చి, పిల్లలతో అలాంటి నడకకు వెళ్లి చూడండి. అదేం పిట్ట అని మీ అబ్బాయో అమ్మాయో అడిగితే, మీకు తెలియకపోయినా ఫర్వాలేదు. పద, అడుగుదాం అంటే చాలు.