రామదాసు అభియోగము

కంచెర్ల గోపన్న నేలకొండపల్లివాసి. గోలకొండ ప్రభువగు తానీషా కాలమున (1672–1687), మంత్రులైన అక్కన్న మాదన్నల మేనల్లుడగుటచే పాల్వంచ పరగణాకు తహసీలుదారయ్యెను. వసూలైన సర్కారు పైకముతో భద్రాచలమున రామునకు ఆలయము కట్టించి, నగలు చేయించి, చెరపాలయ్యెను. చెర పన్నెండేండ్లని ప్రతీతి.

ఆ పైకము రైతులు చెల్లించినది. ఆ తప్పును మేము కప్పిపుచ్చము. అయినను, తనకై పాటుపడినవాడు దెబ్బలు తినుచుండగా దేవుడేల యూరకుండెను? ఈశ్వరునకు పక్షపాతమును నిర్దయయు లేవనియు, జీవుల కర్మమే హేతువనియు బ్రహ్మసూత్రములు నిర్ణయించినవి. మేమును శిష్యులకట్లే బోధించితిమి. గోపన్న పూర్వము చిలుకను పంజరమున బంధించిన పాపఫలమే యీ చెర యని కథకులందురు. ఈ సమాధానము గట్టుననున్నవారికి చాలును గాని కొరడా క్రిందనున్నవానికి చాలదు.

గోపన్న నగనగకును వెల చెప్పి రాముని నిలదీసెను; బాధ తాళలేక తిట్టెను; తిట్టినందులకు మన్నింపుమని వేడెను; తన మాట చెవినిబెట్టడని సీతమ్మను సిఫారసడిగెను. లేనివానితో నెవ్వడును ఇట్లు తగవులాడడు.

రామలక్ష్మణులే వచ్చి పైకము చెల్లించి యాతని విడిపించిరని జనులు నమ్ముదురు. అక్కన్న మాదన్నలు 1686లో గోలకొండలో హతులైరి, వారికడ్డుపడినవారు లేరు. మరుసటియేట తానీషా ఔరంగజేబునకు పట్టుబడి, దౌలతాబాదు కోటలో బందీగనే మరణించెను.