ఆచార్య రంగా గారు – మన తెనాలి నియోజకవర్గం

మన సంఘం ప్రత్యేక సంచికకు తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాల ప్రజాప్రతినిధులను గురించి ఏదైనా వ్రాయవలసిందిగా కార్యదర్శి గారు నన్ను కోరారు. 1964లో రెవెన్యూ శాఖలో చేరి 2000లో రిటైరయ్యే వరకు ఈ మూడు తాలూకాలలోనూ ఎన్నికల డ్యూటీలు చేసినవాణ్ణి. పెట్టెలు నెత్తిన పెట్టించుకుని పెనుమూడి రేవు దగ్గర పడవ కోసం కూర్చున్న రాత్రులు ఇంకా గుర్తున్నాయి. కనుక కాదనలేకపోయాను. అయితే వచ్చినవారి, పోయినవారి పేర్లన్నీ వరుసగా వ్రాస్తే అది మన ఆఫీసు రిజిస్టరులా ఉంటుంది. అందుచేత ఒక్కరిని గురించే వ్రాస్తున్నాను. ఆయన మన ప్రాంతం మనిషి. మన ప్రాంతమే ఆయనను గెలిపించింది, మన ప్రాంతమే ఓడించింది. ఆ ఓటమి మా ఇంటిని కూడా రెండుగా చీల్చింది. ఆయనే ఆచార్య ఎన్.జి. రంగా గారు.

గోగినేని రంగనాయకులు గారు 1900 నవంబరు 7న నిడుబ్రోలులో రైతు కుటుంబంలో పుట్టారు. తెనాలి నుంచి బాపట్ల వెళ్ళే రైల్లో మధ్యలో వచ్చే స్టేషనే నిడుబ్రోలు. గుంటూరులో చదివి, ఇంగ్లండు వెళ్ళి ఆక్స్‌ఫర్డులో అర్థశాస్త్రం చదువుకున్నారు. తిరిగి వచ్చి మద్రాసు పచ్చయ్యప్ప కళాశాలలో ఆచార్యులుగా చేశారు. ప్రొఫెసరు రంగా అన్న పేరు అప్పుడు వచ్చిందే. ఆ రోజుల్లో అంత చదువు చదివినవారు మద్రాసులో బంగళా కట్టుకుని స్థిరపడేవారు. ఈయన మాత్రం ఉద్యోగం వదిలి స్వాతంత్ర్యోద్యమంలో దూకారు. 1930లోనే కేంద్ర శాసనసభకు ఎన్నికయ్యారు. భార్య భారతీదేవి గారు కూడా ఉద్యమంలో జైలుకు వెళ్ళారు.

మన రెవెన్యూ వారికి రీసెటిల్‌మెంటు అంటే ఏమిటో చెప్పనక్కరలేదు. కృష్ణా, గోదావరి డెల్టాలలో శిస్తును రూపాయికి మూడణాల చొప్పున పెంచాలని ప్రభుత్వం పూనుకున్నప్పుడు రైతులను కూడగట్టినవారిలో రంగా గారు ముఖ్యులు. ఒకవైపు ధాన్యం ధర పడిపోతూ ఉంటే మరోవైపు శిస్తు పెంపు. వెంకటగిరి జమీందారీ రైతుల పక్షాన కూడా నిలబడి పోరాడారు. 1930లలో ఇచ్ఛాపురం నుంచి మద్రాసు దాకా సాగిన రైతుయాత్ర సంగతి మా నాన్నగారు ఎన్నిసార్లు చెప్పారో లెక్క లేదు. 1936లో లక్నోలో అఖిల భారత కిసాన్ సభ ఏర్పడినప్పుడు స్వామి సహజానంద సరస్వతి అధ్యక్షులు, మన రంగా గారు ప్రధాన కార్యదర్శి.

వీటన్నిటికంటె మా ఇంటికి దగ్గరయినది నిడుబ్రోలులో ఆయన నడిపిన రైతు విద్యాలయం. పల్లెటూళ్ళ రైతు పిల్లలను చేర్చుకుని అర్థశాస్త్రం, రాజకీయాలు, సభలో నిలబడి మాట్లాడటం నేర్పేవారు. శ్రీకాకుళం జిల్లా నాయకులు గౌతు లచ్చన్న గారు అక్కడ తయారైనవారే. మా నాన్నగారు కూడా కొన్నాళ్ళు ఆ విద్యాలయానికి వెళ్ళారు. నాలుగో తరగతితో చదువు ఆగిపోయిన ఆయన ఆ తరువాత కరణం గారి దగ్గరకు వెళ్ళి అడంగలు చూపించమని నిలదీసి అడిగేవారట. రంగా గారి ఫోటో ఒకటి మా వసారాలో దేవుళ్ళ పటాల వరుసలోనే ఉండేది.

స్వాతంత్ర్యం వచ్చిన తరువాత రంగా గారి దారి సాఫీగా సాగలేదు. రాజ్యాంగ సభలో సభ్యులుగా ఉన్నారు. ఆంధ్ర రాష్ట్ర కాంగ్రెసు కమిటీ అధ్యక్షులుగా కూడా ఉన్నారు. 1951లో ఆ అధ్యక్ష పదవికి నీలం సంజీవరెడ్డి గారితో పోటీ పడి స్వల్ప తేడాతో ఓడిపోయారు. దాంతో కాంగ్రెసు వదిలి కృషికార్ లోక్ పార్టీ పెట్టారు. 1952 ఎన్నికలలో ఆ పార్టీకి మద్రాసు శాసనసభలో 15 స్థానాలు వచ్చాయి. ఆ ఎన్నికలు నాకు లీలగా గుర్తు. అప్పుడు అభ్యర్థికొక పెట్టె. పెట్టె మీద గుర్తు అంటించి ఉంటుంది. ఓటరు చీటీ మీద ఏ ముద్రా వేయనక్కరలేదు, తనకు నచ్చిన పెట్టెలో పడేస్తే చాలు. మా నాయనమ్మ చీటీని కళ్ళకద్దుకుని పెట్టెలో వేసి, పెట్టెకు దణ్ణం పెట్టి వచ్చింది. తెనాలి పార్లమెంటు స్థానం ఆ సారి కాంగ్రెసు తరఫున కొత్త రఘురామయ్య గారికి దక్కింది. తెనాలి అసెంబ్లీకి ఆలపాటి వెంకట్రామయ్య గారు ఎన్నికయ్యారు.

1955 మధ్యంతర ఎన్నికల నాటికి కమ్యూనిస్టులు ఆంధ్రలో అధికారానికి వస్తారేమోనన్న హడావుడి. కాంగ్రెసు, కృషికార్ లోక్ పార్టీ, ప్రజా పార్టీ ఏకమై 196 స్థానాలకు 146 గెలుచుకున్నాయి. కమ్యూనిస్టులకు 15 మాత్రం మిగిలాయి. ఆ తరువాత రంగా గారు తిరిగి కాంగ్రెసులో కలిశారు. 1957లో జోడెడ్ల గుర్తు మీద తెనాలి నుంచి లోక్‌సభకు నిలబడి గెలిచారు. 1955లో ఎన్నికైన శాసనసభే ఆంధ్ర ప్రాంతంలో 1962 వరకు కొనసాగింది గనుక ఆ ఏడాది మనకు పార్లమెంటు ఎన్నిక ఒక్కటే జరిగింది. ఊరంతా ఆ ఒక్క ఎన్నిక గురించే మాట్లాడుకునేది.

రెండేళ్ళు తిరగకుండానే మళ్ళీ తగాదా వచ్చింది. 1959 జనవరిలో నాగపూరు కాంగ్రెసు మహాసభ సహకార వ్యవసాయం తీర్మానం చేసింది. రైతు భూమి రైతు చేతిలో నుంచి జారిపోవడానికి అది తొలిమెట్టు అని రంగా గారి నమ్మకం. నెహ్రూ గారంతటి వారిని ఎదిరించి బయటికి వచ్చారు. ఆ ఏడే రాజాజీ, మసానీ, మున్షీ గార్లతో కలిసి స్వతంత్ర పార్టీ స్థాపించారు. అధ్యక్షులు రంగా గారే. గుర్తు నక్షత్రం. పేరూ ఊరూ తెలియని పల్లెటూరి నుంచి వెళ్ళినవాడు అఖిల భారత పార్టీకి అధ్యక్షుడయ్యాడని నాన్నగారికి కాలు నేల మీద నిలిచేది కాదు.

ఇక 1962 ఫిబ్రవరి. ఈ ఎన్నిక దగ్గర కొంచెం ఆగాలి.

అప్పటికి నాకు ఇరవై ఏళ్ళు నిండలేదు. ఓటు వయసు ఇరవై ఒకటి. మా అన్నయ్య నాకంటె ఏడేళ్ళు పెద్ద. తెనాలిలో చదువుకుంటూ కమ్యూనిస్టు అయ్యాడు. పాలేళ్ళకు కూలి పెంచాలని మా సొంత కళ్ళంలోనే నాన్నగారితో వాదించేవాడు. తెనాలిలో రంగా గారి మీద కమ్యూనిస్టు అభ్యర్థి కొల్లా వెంకయ్య గారు. ఇంట్లో తండ్రి నక్షత్రం, కొడుకు కంకి-కొడవలి. అమ్మ ఇద్దరికీ అన్నం వేరువేరు వేళల్లో పెట్టేది. పోలింగు రోజున అన్నయ్య కమ్యూనిస్టు ఏజెంటుగా లోపల కూర్చున్నాడు. నాన్నగారు ఓటు వేయడానికి వెళ్ళినప్పుడు ఓటర్ల జాబితాలో ఆయన పేరు మీద గీత గీసింది కన్నకొడుకే. పెట్టెలు పోయి, చీటీ మీద ముద్ర వేసే పద్ధతి వచ్చింది ఆ ఎన్నికలోనే. నాన్నగారు ముద్ర సరిగా పడిందో లేదోనని దారి పొడుగునా అనుమానపడుతూనే వచ్చారు.

రంగా గారు ఓడిపోయారు. అఖిల భారత పార్టీ అధ్యక్షుడు తన సొంత గడ్డ మీద ఓడిపోయాడు. ఆయన పార్టీకి మాత్రం లోక్‌సభలో 18 స్థానాలు వచ్చాయి. కబురు తెలిసిన రోజున నాన్నగారు పొలం వెళ్ళలేదు. అన్నయ్యతో ఆ తరువాత చాలా ఏళ్ళు మాట్లాడలేదు. పెళ్ళిళ్ళకూ పేరంటాలకూ ఇద్దరి మధ్య నేనే రాయబారిని.

ఎందుకు ఓడిపోయారన్న దానికి ఎవరి కారణాలు వారు చెబుతారు. నా ఉద్యోగ జీవితంలో ఈ ప్రాంతం భూమి రికార్డులు తిరగేసిన తరువాత నాకు తోచినది వ్రాస్తాను. రంగా గారు రైతు అన్నప్పుడు ఆ మాటలో కూలివాడు కూడా ఉన్నాడనే ఆయన అనుకున్నారు. జమీందారుతో, సర్కారుతో పోరాడిన కాలంలో అది నిజమే. కాని జమీందారీలు పోయిన తరువాత డెల్టా పల్లెల్లో మిగిలింది రైతూ, ఆ రైతు పొలంలో నాట్లు వేసే కూలీ. సెంటు భూమి లేనివాడికి సహకార వ్యవసాయం వస్తే భూమి పోతుందన్న భయం ఎందుకుంటుంది? కాంగ్రెసు రైతు జోడెడ్లతోనే ఉన్నాడు. కూలీ కంకి-కొడవలి వైపు వెళ్ళాడు. నక్షత్రానికి మధ్యలో మిగిలినవారే మిగిలారు. ఈ మాట నాన్నగారు బతికి ఉండగా ఆయన ముందు అనే ధైర్యం నాకు లేకపోయింది.

రంగా గారు మాత్రం కుంగిపోయి కూర్చోలేదు. చిత్తూరు నుంచి ఎన్నికైన అనంతశయనం అయ్యంగారు గారు బీహారు గవర్నరుగా వెళ్ళడంతో అక్కడ ఉపఎన్నిక వచ్చింది. దానిలో నిలబడి గెలిచి మళ్ళీ లోక్‌సభలో కూర్చున్నారు. రైతు భూములకు సంబంధించిన రాజ్యాంగ 17వ సవరణను గట్టిగా ఎదిరించారు. సవరణ 1964లో వచ్చింది. అయితే రైతు స్వయంగా సాగు చేసుకునే, సీలింగు లోపలి భూమిని తీసుకుంటే మార్కెట్టు ధరకు తగ్గకుండా పరిహారం ఇవ్వాలన్న నిబంధన అందులోనే ఉంది. భూసేకరణ ఫైళ్ళు చూసిన మనవాళ్ళకు దాని విలువ తెలుసు.

1967లో గౌతు లచ్చన్న గారి జిల్లా శ్రీకాకుళం నుంచి గెలిచారు. ఆ సారి స్వతంత్ర పార్టీకి 44 స్థానాలు వచ్చి లోక్‌సభలో అతిపెద్ద ప్రతిపక్షమైంది. మన పక్కన వేమూరు అసెంబ్లీకి కూడా అదే పార్టీ తరఫున యడ్లపాటి వెంకట్రావు గారు గెలిచారు. తెనాలి వారికి అయిదేళ్ళ తరువాత రంగా గారు గుర్తుకొచ్చారని నాన్నగారు ఆనాడు కొంచెం నవ్వారు.

ఇక్కడ ఒక విశేషం చెప్పాలి. ఆ 1967లోనే తెనాలిలో దొడ్డపనేని ఇందిర గారు, బాపట్లలో కోన ప్రభాకరరావు గారు శాసనసభకు ఎన్నికయ్యారు. ఇద్దరూ 1967, 1972, 1978 మూడు ఎన్నికల్లోనూ అవే స్థానాల నుంచి గెలిచారు. ప్రభాకరరావు గారు తరువాత శాసనసభాపతి, గవర్నరు కూడా అయ్యారు. ఒక ఊరు ఒక మనిషిని పట్టుకుంటే అలా పట్టుకుంటుంది. రంగా గారికి ఆ భోగం లేదు. తెనాలి, చిత్తూరు, శ్రీకాకుళం, చివరికి గుంటూరు – ఎన్నికకో ఊరుగా తిరిగారు.

1971లో ఓడిపోయి, తరువాత కాంగ్రెసులో చేరారు. పార్టీలు మారారని ఆయనను విమర్శించేవారు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. కాదనను. 1980లో గుంటూరు నుంచి గెలిచేనాటికి ఆయనకు డెబ్బై తొమ్మిదేళ్ళు. మన రిటైర్మెంటు వయసును 1983లో 55కు తగ్గించి, గోలయ్యాక మళ్ళీ 58 చేసిన సంగతి మీలో చాలామంది అనుభవించినదే. ఆ రోజుల్లో మా ఆఫీసులో రంగా గారి వయసు గురించి సరదాగా చెప్పుకునేవాళ్ళం. 1984లో తెలుగుదేశం రాష్ట్రంలో 30 పార్లమెంటు స్థానాలు ఊడ్చుకుపోయినప్పుడు కూడా గుంటూరులో ఆయనే గెలిచారు. 1989లో మళ్ళీ గెలిచి, సభలో పెద్దవారిగా ప్రొటెం స్పీకరు స్థానంలో కూర్చుని కొత్త సభ్యులచేత ప్రమాణం చేయించారు. అప్పుడు ఆయనకు ఎనభై తొమ్మిది. 1991లో పద్మవిభూషణ్ వచ్చింది.

ఆ 1984 ఫలితం రేడియోలో వచ్చినప్పుడు నాన్నగారు మంచం మీద ఉన్నారు. వినికిడి బాగా తగ్గిపోయింది. పక్కన కూర్చున్నది అన్నయ్య. రంగా గారు గెలిచారన్న సంగతి నాన్నగారి చెవి దగ్గర నోరుపెట్టి గట్టిగా చెప్పింది కూడా అన్నయ్యే. ఇద్దరి మధ్య పంతం అప్పటికి చాలా మెత్తబడింది. మరుసటి సంవత్సరం నాన్నగారు పోయారు.

1995 జూన్‌లో రంగా గారు కన్నుమూశారు. నాకు ఆఫీసులో సెలవు దొరకలేదు. అన్నయ్య ఎవరికీ చెప్పకుండా పొద్దున్నే రైలెక్కి నిడుబ్రోలు వెళ్ళాడని వదిన తరువాత చెప్పింది. ఎందుకు వెళ్ళావని నేను అడగలేదు. మరుసటి ఏడు వ్యవసాయ విశ్వవిద్యాలయానికి రంగా గారి పేరు పెట్టారు. 1945 నుంచి నడుస్తున్న మన బాపట్ల వ్యవసాయ కళాశాల ఆ విశ్వవిద్యాలయంలోదే. అన్నయ్య మనవరాలు అక్కడే చదివింది. కాన్వొకేషను పట్టా తెచ్చి చూపిస్తే, అన్నయ్య కళ్ళజోడు పెట్టుకుని పైనున్న పేరు దగ్గర చాలాసేపు ఆగాడు.

రంగా గారు గెలిచి, ఓడిన తెనాలి పార్లమెంటు స్థానం ఇప్పుడు లేదు. 2004 ఎన్నికే దానికి ఆఖరు. 2008లో హద్దులు మార్చినప్పుడు తెనాలి అసెంబ్లీ గుంటూరు పార్లమెంటులో, వేమూరు, రేపల్లె బాపట్ల పార్లమెంటులో కలిశాయి. దుగ్గిరాల, కూచినపూడి అసెంబ్లీ స్థానాలు రద్దయ్యాయి. వేమూరు అసెంబ్లీ, బాపట్ల పార్లమెంటు రెండూ షెడ్యూల్డు కులాలకు రిజర్వయ్యాయి. 2022లో బాపట్ల జిల్లా వచ్చాక రేపల్లె అటు వెళ్ళింది, తెనాలి గుంటూరు జిల్లాలోనే ఉంది.

2009 ఎన్నికల రోజున అన్నయ్య ఊరి నుంచి ఫోను చేశాడు. ఓటు వేసి అప్పుడే ఇంటికి వచ్చానన్నాడు. ఆయనది బాపట్ల ఎం.పి.కి, తెనాలిలో స్థిరపడిన నాది గుంటూరు ఎం.పి.కి. ఎవరికి వేశావని ఎప్పటిలాగే ఒకరినొకరం అడగలేదు.